సూదిని ఎవరు కదుపుతున్నారో చూడాలనేది

బుల్లీ, నువ్వు లేవన్న మాట నాకు అవనిగడ్డ బస్టాండులో తెలిసింది. మనవణ్ణి చంకనేసుకుని బందరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. నువ్వే కదా పంపించావు, వాణ్ణి తీసుకురా అమ్మా, ఈసారి తేల్చేద్దాం అని. బస్సు వచ్చి ఆగింది. అందులోంచి నువ్వు అద్దెకున్న ఇంటి సాయిబు గారు దిగారు. ఆయన్ని ఆ ఊళ్ళో చూసేసరికి పిల్లాణ్ణి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ముందు పిల్లాణ్ణి నా చంకలోంచి తీసుకుని తన భుజాన వేసుకున్నారు. ఆ తర్వాత, "చెల్లెమ్మా, ఇట్టా కూర్చో" అన్నారు. కూర్చోకముందే నాకు అర్థమైపోయింది.

చదివే మీకు నేనెవరో చెప్పాలి. బందరులో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తూ, పచ్చకామెర్లతో పోయిన అమ్మాయికి తల్లిని. మాది గుడివాడ. అయిదో తరగతితో నా చదువు ఆగింది. ల్యాబు డాక్టరు గారు అమ్మాయి జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేయిస్తూ, "మీరూ నాలుగు మాటలు రాయండమ్మా, ఈ పని నేర్చుకునే పిల్లలు చదువుతారు" అన్నారు. నాకేం తెలుసండీ రాయడానికి అంటే, మీరు కళ్ళతో చూసింది రాయండి చాలు అన్నారు. నేను చూసిందంతా భయపడుతూ చూశాను. కాబట్టి భయమే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

వాళ్ళ నాన్న పోయాక ఇద్దరాడపిల్లలతో మిగిలాను. చిన్నదానికి వాళ్ళ నాన్న వైపు దూరపు మేనరికం వరస కుదిరి ముందే పెళ్ళయింది, నాగాయలంక అవతల ఊరు. పెద్దది చదువు చదువు అని చదివి, రక్తం పరీక్షలు నేర్చుకుని, బందరు ల్యాబులో చేరింది. సాయిబు గారింట్లో వెనక గది అద్దెకి తీసుకుంది. ఆయన చీరల మీద అద్దకం పని చేస్తారు. ఆవిడ నోటిమాట గట్టిగా ఉంటుంది గానీ మనసు వెన్న. మా అమ్మాయి ఆయన్ని బాబాయి గారనీ ఆవిడని పిన్నీ అనీ పిలిచేది. నేను గుడివాడ నుంచి రైల్లో వెళ్ళినప్పుడల్లా ఆవిడ గుమ్మంలోనే పట్టుకునేది. "మీ అమ్మాయికి అన్నం తినడం నేర్పలేదా వదినా? గొట్టం మరుగుతోంది, గొట్టం చల్లారుతోంది అంటది, కంచం మాత్రం ఎండిపోతా ఉంటది" అని.

మొదటిసారి ల్యాబుకి వెళ్ళిన రోజు నేను చూసింది ఇప్పటికీ కళ్ళు మూస్తే కనపడుతుంది. గీతలున్న సన్నటి గాజుగొట్టం ఒకటి నోట్లో పెట్టుకుని పీలుస్తోంది. రెండో కొస రక్తంలో ఉంది. ఎర్రగీత పైకి ఎక్కుతోంది, దాని పెదవుల వైపు. కావలసిన గీత దగ్గర ఆపి, నోరు తీసి, చటుక్కున చూపుడువేలు అడ్డం పెట్టి, ఇంకో గొట్టంలోకి వదిలింది. అప్పుడు చూసింది నన్ను.

"ఏంటే ఆ పని? ఊళ్ళో వాళ్ళ రక్తమంతా నోటితో పీలుస్తున్నావా?"

"అందరూ ఇట్టాగే చేస్తారమ్మా. పైన దూది పెడతాం. పెదవిదాకా రాదు."

"వస్తే?"

"వస్తే ఉమ్మేసి పుక్కిలిస్తాను."

"చిన్నప్పుడు నేరేడు గింజ మింగి, పొట్టలో చెట్టు మొలుస్తుందని ఏడ్చింది నువ్వేనా?"

"అప్పుడు భయపడే పని నాది. ఇప్పుడు నీకు అప్పజెప్పాను" అని నవ్వింది.

అప్పజెప్పింది నిజమే. ఆ రోజు నుంచి నాకు అదే పని. రైలెక్కితే భయం, దిగితే భయం, గుడివాడలో అన్నం కలుపుకుంటుంటే ఆ ఎర్రగీత ఎక్కడిదాకా ఎక్కిందో అని భయం.

అయితే అంతకంటే పాత భయం ఒకటి నాలో ఉంది. నాకొక తమ్ముడుండేవాడు. మూడేళ్ళ వయసులో వాడు నేలమీంచి మామూలుగా లేవలేకపోయేవాడు. ముందు చేతులు నేలకి ఆనించి, తర్వాత మోకాళ్ళమీద పెట్టుకుని, తన కాళ్ళని తనే ఎక్కుతున్నట్టు పైకి లేచేవాడు. పిక్కలు లావుగా ఉండేవి. పిల్లాడు పహిల్వాను అవుతాడని మా నాన్న మురిసిపోయేవాడు. బడికెళ్ళే వయసుకి పడిపోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నడక ఆగింది. మీసం రాకుండానే పోయాడు. అది కండలు కరిగిపోయే జబ్బని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. కాళ్ళ జబ్బు అన్నారు, అంతే.

ఉప్పెన వచ్చిపోయాక మా అల్లుడు కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లు చూద్దామని వెళ్ళాను. చిన్నమ్మాయి నాకు మంచినీళ్ళిస్తోంది. మనవడు నేలమీద గవ్వలతో ఆడుకుంటున్నాడు. మూడో ఏడు నడుస్తోంది వాడికి. నన్ను చూసి లేవబోయాడు. చేతులు నేలకి ఆనించాడు. తర్వాత మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. గ్లాసు నా చేతిలోనే ఉంది, తాగలేదు. "ఏంటమ్మా అట్టా చూస్తున్నావు?" అంది చిన్నది. "ఏం లేదే, ఎండన పడి వచ్చాను కదా" అన్నాను. ఆ సాయంత్రం వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని పిక్కలు తడిమాను. లావుగా ఉన్నాయో మామూలుగా ఉన్నాయో నాకు తెలియలేదు. నా వేళ్ళకి భయం తప్ప ఏమీ తగల్లేదు.

బందరు వెళ్ళి పెద్దదానికి చెప్పాను. తమ్ముడి సంగతి దానికి తెలుసు. వాడు ఎట్టా లేస్తున్నాడో నా చేత రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "ఊరికే అనుకోవడం దేనికమ్మా, దానికి పరీక్ష ఉంది, మా డాక్టరు గారు కొత్తగా మొదలుపెట్టారు" అంది. ఆ జబ్బు తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుందని కూడా అప్పుడే చెప్పింది. అంటే నా నుంచి నా కూతురికి, నా కూతురి నుంచి వాడికి. ఆ మాట విన్నాక నాకు నా ఒళ్ళే నాది కానట్టు అనిపించింది.

ఆ పరీక్ష సంగతి మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. నాకు అది చెప్పిన తీరు మాత్రం మీకు చెప్పాలి. కండల్లో కైనేజు అనే సరుకు ఒకటి ఉంటుందట. పూర్తి పేరు క్రియాటిన్ కైనేజు అని డాక్టరు గారు రాయించారు. కండ పాడైతే అది రక్తంలోకి కారుతుంది. అది ఎంత ఉందో తూచడానికి వీల్లేదు, అంత కొంచెం.

"మరెట్టా తెలుస్తుందే?"

"నాట్లు వేసేటప్పుడు మడిలో ఎంతమంది దిగారో నీకు కనపడలేదనుకో. గంటలో ఎంత నాటారో గట్టు మీంచి చూస్తే తెలిసిపోదా? అట్టాగే. దానికి చెయ్యాల్సిన పని మేమే ఇస్తాం. ఎంత చురుగ్గా చేస్తుందో చూస్తాం. పని జరిగేకొద్దీ మిషను మీద సూది ఎక్కుతుంది. నెమ్మదిగా ఎక్కితే మంచిది."

"పరుగెత్తితే?"

అది నా చెయ్యి పట్టుకుంది.

పిల్లాణ్ణి అంతదూరం తిప్పడం ఎందుకని, అవనిగడ్డలోనే రక్తం తీయించి పంపమని అల్లుడికి కబురు పెట్టింది. ఎండకి ఈ సరుకు చచ్చిపోతుంది, చల్లగా తీసుకురమ్మంది. మా అల్లుడు రొయ్యల వ్యాపారం చేస్తాడు. చల్లగా తేవడం అతనికి చెప్పాలా? చెక్కపెట్టెలో ఐసు పొడి కొట్టి పోసి, మధ్యలో రక్తం గొట్టం గుచ్చి, పైన కళ్ళుప్పు చల్లి, మళ్ళీ ఐసు కూరి, గోనె కప్పి బస్సులో తెచ్చాడు. ఉప్పు వేస్తే ఐసు ఇంకా చల్లబడుతుందని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. పొద్దున పట్టిన రొయ్య బందరు చేరేదాకా చెక్కు చెదరకుండా ఉండాలంటే అట్టాగే చెయ్యాలి. ప్రాణంలాంటి కొడుకు రక్తం కదా, ఇంకో రెండు గుప్పిళ్ళు ఎక్కువే వేశాడు. గొట్టంలో రక్తం రాయిలా గడ్డకట్టి వచ్చింది.

ఆ రోజు మా అమ్మాయి సెలవు పెట్టి నా దగ్గర గుడివాడలో ఉంది. ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక్కతే ఉంది. ఆ పిల్ల దాన్ని కరగబెట్టి పరీక్ష చేసింది. సూది పరుగెత్తింది. చాలా ఎక్కువగా ఉందని కాగితం మీద రాసి అల్లుడి చేతికిచ్చింది. అల్లుడు ఆ కాగితం పట్టుకుని తిరుగు బస్సెక్కాడు.

కబురు నాకు తెలిసేసరికి వాళ్ళింట్లో పొయ్యి వెలగడం మానేసింది. వెంటనే వెళ్ళాను. వియ్యపురాలు నన్ను చూసి కుర్చీ వేసింది గానీ మొహం ఇటు తిప్పలేదు.

"మీ తమ్ముడిక్కూడా ఇదేనంటగా వదినా."

"అవునండీ."

"పెళ్ళప్పుడు ఓ మాట అనుంటే బాగుండేది."

"ఇట్టా వస్తుందని నాకు తెలియదండీ."

"తెలియకుండానే వచ్చిందిలే" అంది. చిన్నది గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, వాణ్ణి ఒళ్ళోంచి దింపకుండా. దింపితే వాడు లేస్తాడు. లేస్తే ఎట్టా లేస్తాడో చూడాలి. ఆ ఇంట్లో ఎవరికీ అది చూసే ధైర్యం లేదు.

బందరు తిరిగి వచ్చాక మా పెద్దమ్మాయి చేసిన మొదటి పని, ఆ గొట్టంలో మిగిలింది ఉందా అని వెతకడం. ఉంది. తీసి కిటికీ దగ్గర వెలుతురుకి పట్టింది. దానికి ఏదైనా అట్టా వెలుతురుకి పట్టి చూడడం అలవాటు. ఇంట్లో చారు గరిటెతో తీసినా, గ్లాసులో మంచినీళ్ళు పోసినా ముందు కిటికీకేసి చూసేది. రక్తంలోంచి తేరిన నీరు లేత గడ్డిరంగులో ఉండాలట. ఇది దానిమ్మ గింజల రసంలా ఉంది.

"ఈ అంకె నమ్మడానికి లేదు. మరిది గారు రొయ్యల్ని దాచినట్టు దాచారు" అంది.

ఐసులా గడ్డకడితే రక్తంలో ఎర్రకణాలు పగిలిపోతాయట. వాటిలో కూడా ఇంకో కైనేజు ఉంటుంది. అది వేరేది, అయినా ఈ పరీక్షలో దాని పని కూడా కలిసిపోతుంది. నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. "మన మడిలో మన వాళ్ళు నాటుతున్నారో లేదో చూద్దామని గట్టు మీద నిలబడ్డాం. పక్కూరి కూలీలు కూడా దిగి నాటేశారు. అంతా మన వాళ్ళ పనే అనుకున్నాం. సూది కదిలితే సరిపోదమ్మా, సూదిని ఎవరు కదుపుతున్నారో చూడాలి." ఈ మాట అది చాలాసార్లు అనేది. మనుషుల సంగతిలో కూడా అనేది. పిన్నిగారు కోపంగా తలుపు వేస్తే, "సూదిని ఎవరు కదిపారో, బాబాయి గారేమో" అని నాకు కన్ను గీటేది.

డాక్టరు గారు కూడా సరేనన్నారు. పిల్లాణ్ణే తీసుకురండి, ఇక్కడ తీద్దాం అన్నారు. తెచ్చాం. చిన్న చెయ్యి, దారం లాంటి నరం. వాడు గింజుకున్నాడు, ఏడ్చాడు, మేం ముగ్గురం పట్టుకున్నాం. ఎంత జాగ్రత్తగా తీసినా, ఆ పీకులాటకి కొన్ని కణాలు పగిలాయి. ఈసారి దానిమ్మ రంగు లేదు గానీ గులాబి ఛాయ ఉంది. సూది ముందంత పరుగెత్తలేదు. నెమ్మదిగానూ లేదు. ఎక్కువంటే ఎక్కువన్నట్టు, కాదంటే కాదన్నట్టు.

అది ఇంకా అన్యాయం. ఉందని చెప్పినా ఏడ్చి ఊరుకునేదాన్నేమో. లేదంటే దణ్ణం పెట్టుకునేదాన్ని. ఇదేంటో తెలియక, పిల్లాడు ఎప్పుడు కింద కూర్చుంటే అప్పుడు, వాడు లేవకముందే నేనే ఎత్తేసుకునేదాన్ని.

"పక్కూరి వాళ్ళని గట్టెక్కించే మందు ఉందమ్మా" అన్నారు డాక్టరు గారు. ఇన్‌హిబిటర్ అంటారట. ఆ రెండో కైనేజుని పని చెయ్యనివ్వకుండా ఆపుతుంది. మద్రాసు నుంచి తెప్పిస్తానన్నారు. వచ్చింది, తెల్లటి పొడి. వస్తే ఇంక వేసేయొచ్చు కదా అని నేను. "ఆ మందు పక్కూరి వాళ్ళని ఒక్కళ్ళనే ఆపుతుందో, మన వాళ్ళని కూడా ఆపుతుందో ముందు తేల్చాలి. మన వాళ్ళని ఆపేస్తే సూది పడుకుంటుంది. జబ్బున్నవాడికి లేదని చెప్పేస్తాం" అంది మా అమ్మాయి. ఆ మాటతో నాకు కొత్త భయం పట్టుకుంది. లేదని చెప్పినా నమ్మలేని భయం.

ఏదైనా జత లేకుండా చూసేది కాదు అది. ఇంట్లో ఆవకాయ పెడితే మెంతిపిండి వేసింది ఒక జాడీ, వెయ్యంది ఒక చిన్న జాడీ. "తేడా తెలియాలంటే పక్కన ఇంకోటి ఉండాలి" అనేది. తినేది ఒక్కతే, జాడీలు రెండు. నేను తిట్టేదాన్ని.

మందు పరీక్షించడానికి ఎర్రకణాలు కావాలి. "నీ రక్తం ఇస్తావా అమ్మా?" అంది. నా చెయ్యి చాపాను. నా కూతురే నాకు రబ్బరు కట్టు కట్టి, మోచేతి మడతలో వేలితో తడిమి, సూది గుచ్చింది. దాని మొహం నా మొహానికి అంత దగ్గరగా ఉండి ఎన్నేళ్ళయిందో. కనుబొమ్మల మధ్య చిన్న గీత. ఊపిరి బిగబట్టి ఉంది. "నొప్పా?" అంది. "నిన్ను కన్నదాన్ని, ఇది నొప్పా" అన్నాను. కొత్తమ్మాయి పక్కన నవ్వుతోంది.

నా రక్తాన్ని ఐసులో పెట్టి ఉప్పు చల్లింది. కావాలనే కణాలు పగలగొట్టింది. "మరిది గారి పద్ధతి ఇప్పుడు పనికొచ్చింది" అంది. ఆ ఎర్రనీటికి మందు వెయ్యకుండా చూస్తే సూది ఎక్కింది. మందు వేసి చూస్తే సూది దాదాపు నిలబడిపోయింది. నేను చేతులు జోడించబోయాను. "ఆగమ్మా, సగమే అయింది" అని, సీసాలో తెప్పించిన మంచి కండ సరుకు తీసుకుని, దానికీ మందు వేసింది. సూది ఎక్కింది గానీ మందు వెయ్యనప్పటంత ఎక్కలేదు. మందు ఎక్కువైతే మన వాళ్ళ చేతులు కూడా కట్టేస్తోంది. అక్కడ మొదలుపెట్టి, మందు తగ్గిస్తూ, తగ్గిస్తూ, పక్కూరి వాళ్ళు ఆగాలి, మన వాళ్ళు ఆగకూడదు, ఆ పాళ్ళు దొరికేదాకా చేసింది. ఎన్ని రోజులు పట్టిందో నేను లెక్కపెట్టలేదు. ప్రతి గొట్టంలోకీ అదే గాజుగొట్టం, అదే నోరు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని. ప్రతిదీ కొత్తమ్మాయి చేత కూడా చేయించేది. "నా చేతిలో ఒకటి, నీ చేతిలో ఒకటి రాకూడదు. భయం వేస్తే వెయ్యనీ, చెయ్యి వణక్కూడదు" అనేది ఆ పిల్లతో.

పాళ్ళు కుదిరిన సాయంత్రం పిన్నిగారింట్లో సేమియా పాయసం చేయించుకుంది. రెండు చెంచాలు తిని పక్కన పెట్టింది. సహించడం లేదంది. అలసట అనుకున్నాను. నా ధ్యాసంతా ఊళ్ళో ఉన్న మనవడి కాళ్ళ మీదే ఉంది. దీని కళ్ళు పచ్చబడుతున్నాయని చూసింది పిన్నిగారు.

ఆ మర్నాడు మా అమ్మాయి తన రక్తం తనే తీయించుకుంది. గొట్టం తేరాక అలవాటుగా కిటికీకి పట్టింది. పసుపు నీళ్ళలా ఉంది. కొత్తమ్మాయి గొట్టం తన చేతిలోకి తీసుకోబోయింది. అది మాత్రం కాసేపు అట్టాగే చూసి, "దీనికి సూది అక్కర్లేదు" అని గొట్టం కిందపెట్టి, చేతులు మోచేతులదాకా కడుక్కుంది. ఎప్పుడూ అట్టాగే కడుక్కునేది.

తోట్లవల్లూరు వైపు ఎవరో పసరు పోస్తారంటే తీసుకెళ్తానన్నాను. డాక్టరు గారు వద్దన్నారు, తనే ఆస్పత్రిలో చేర్పించారు. ఎక్కడ అంటిందండీ అని అడిగాను. ఏదో ఒక గొట్టం నుంచి అయి ఉండొచ్చు, ఇదని చెప్పలేమమ్మా అన్నారు. నాలుగైదు రోజులు పోయాక కొంచెం తేరుకుంది. గంజి తాగింది. పిన్నిగారు తెచ్చిన చెరకురసం తాగింది. నన్ను పిలిచి, "వెళ్ళి వాణ్ణి తీసుకురా. నేను లేవలేకపోయినా కొత్తపిల్ల చేస్తుంది, నేను పక్కన కుర్చీ వేసుకుని చూస్తాను" అంది. నేను కదల్లేదు. "వాడిదే తేలితే నాకు నిద్ర పడుతుందమ్మా" అంది. అప్పుడు లేచాను. గుమ్మం దాటుతుంటే, "వాడికి చెయ్యి ముందే వెచ్చగా కాపడం పెట్టు, నరం దొరుకుతుంది" అని చెప్పింది. నాతో అన్న ఆఖరి మాట అదే. నేను వెళ్ళిన రోజు సాయంత్రం తెలివి తప్పిందట. లివరు ఒక్కసారిగా పాడైందన్నారు. మర్నాడు పొద్దున్నే సాయిబు గారు బస్సెక్కారు.

మిగతాది రాయలేను.

ఆ తర్వాత చాలా రోజులు నేను పరీక్ష ఊసెత్తలేదు. ఆ ల్యాబు గుమ్మం తొక్కలేదు. వెళ్ళి వాడికి ఉందని తెలిస్తే? ఒక్క నెలలో ఎన్ని మొయ్యాలి? చిన్నది కూడా అడగలేదు. వాడు పడినప్పుడల్లా మేమిద్దరం వేరే వైపు చూసుకునేవాళ్ళం. ఆఖరికి వియ్యపురాలే నోరు తెరిచింది. "ఆ పిల్ల ప్రాణం పెట్టి చేసిన పని వదినా. మూల పెట్టేస్తారా? పదండి, నేనూ వస్తాను" అంది. వాణ్ణి చంకనేసుకుని, ఆవిడ చెయ్యి పట్టుకునే బస్సెక్కాను. పులిగడ్డ వారధి మీద బస్సు వెళ్తుంటే కిందికి చూడలేకపోయాను.

ల్యాబులో కొత్తమ్మాయి ఎదురొచ్చింది. బల్ల దగ్గర గాజుగొట్టాలన్నిటి కొసలకీ ఇప్పుడు రబ్బరు బుడ్డీలున్నాయి. నొక్కి వదిలితే అవే పీలుస్తాయి, నోరు పెట్టే పని లేదు. డాక్టరు గారు తెప్పించారట. ఆ బుడ్డీల్ని చూసి నాకు కోపం వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియదు.

వాడి చెయ్యి వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టాను. వియ్యపురాలు వాడి కళ్ళకి అడ్డంగా చీర కొంగు పట్టింది. రక్తం వచ్చింది. తేరిన నీరు గులాబి ఛాయగానే ఉంది. ఆ పిల్ల నా మొహం చూసి, "ఫర్వాలేదండీ, అక్క పాళ్ళు పెట్టింది" అంది. ముందు రక్తం లేని ఖాళీ గొట్టం చూసింది. తర్వాత, అప్పట్లో నా రక్తానికి చేసినట్టు కణాలు పగలగొట్టిన రక్తం ఒకటి, మందు వేసి చూసింది. సూది నిలబడింది. కండ సరుకుకి మందు వేసి చూసింది. సూది ఎక్కింది. ఇవన్నీ ఎందుకో నాకు తెలుసు, అయినా అరవాలనిపించింది, వాడిది చూడు తల్లీ ముందు అని. ఆఖర్న వాడిది పెట్టింది. ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి, గడియారం చూస్తూ. నేను సూదిని చూడలేదు. ఆ పిల్ల చేతుల్ని చూశాను. వణకడం లేదు.

సూది కదిలీ కదలనట్టు కదిలి అక్కడే ఉందట. ఇంకోసారి చేసింది. మళ్ళీ అంతే. డాక్టరు గారు వచ్చి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ జబ్బు కాదమ్మా ఇది" అన్నారు. ఎముకలకి సత్తువ లేదు, ఎండ తగలాలి, గుడ్డు, పాలు పెట్టండి, ఏడాదికి మళ్ళీ చూద్దాం అన్నారు. వియ్యపురాలు అక్కడే నేలమీద కూలబడి, నా మోకాళ్ళు పట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు ఇప్పటికీ పూర్తిగా నమ్మకం లేదు. మళ్ళీ ఏడాదికి సూది ఎట్టా ఉంటుందో అని ఇప్పట్నుంచే భయం. ఈ భయం నాతోనే పోతుందనుకుంటాను. కానీ ఆ రోజు మాత్రం, మా పెద్దది చెప్పిన మాట వినపడ్డట్టయింది, వాడిదే తేలితే నాకు నిద్ర పడుతుందమ్మా అని. పడుకో తల్లీ అనుకున్నాను.

బయటికి వస్తుంటే మధ్యాహ్నం దాటిపోయింది. కొత్తమ్మాయిని అడిగాను, నువ్వు పొద్దున్నించి ఏమన్నా తిన్నావా అని. "గొట్టాలు మధ్యలో వదలకూడదు కదండీ" అంది, తల వంచుకుని. లోపల తినకూడదని నాకు తెలుసు. చేతులు మోచేతులదాకా కడిగించి, వీధరుగు మీద ఎండలో కూర్చోబెట్టాను. క్యారేజీలో పప్పన్నం, గుడ్డు కూర ఉన్నాయి. వాడికోసం తెచ్చినవి. కలిపి ముద్దలు చేసి ఆ పిల్ల చేతిలో పెట్టాను. మనవడు ఆ పిల్ల పక్కన చేరి, తన వంతు గుడ్డు ముక్క తీసి, "నువ్వు తిను అత్తా" అని నోటికి అందించాడు. ఆ పిల్ల నములుతూ ఏడుస్తోంది. వాడు ఇంకో ముక్క పట్టుకుని, ఎప్పుడు మింగుతుందా అని నోట్లోకే చూస్తున్నాడు.

ల్యాబుల్లో పనిచేసే అమ్మాయిలూ, అబ్బాయిలూ, ఇది చదివే మీరెవరైనా సరే, మీ అమ్మ ఎక్కడో కూర్చుని భయపడుతూ ఉంటుంది. ఇది పక్కన పెట్టి, చేతులు శుభ్రంగా కడుక్కుని, వెళ్ళి కడుపునిండా అన్నం తినండి.